పాఠశాల బస్సుకు ఏ ఇంధనం మేలు? ఎంపికకు ముందు యాజమాన్యాలు, తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయాలు

హైదరాబాద్: విద్యా సంస్థల బస్సులకు ఏటా మే 15వ తేదీతో ఫిట్‌నెస్ గడువు ముగుస్తుంది. జూన్ రెండవ వారంలో బడులు తిరిగి తెరిచేలోగా బస్సులను రవాణా శాఖ అధికారుల ముందు నిలిపి, తనిఖీ చేయించి, ధ్రువపత్రం పొందవలసి ఉంటుంది. పాత బస్సును ఇంకొక ఏడాది నడపాలా, వదిలించుకొని కొత్తది కొనాలా అనే ఆలోచన సాధారణంగా యాజమాన్యాలకు ఈ నెల రోజులలోనే వస్తుంది. విద్యా సంస్థల బస్సు వయస్సు 15 సంవత్సరాలకు మించరాదన్నది నిబంధన. కనుక నేడు కొనే బస్సుతోపాటు రాబోయే పదిహేనేళ్ళకు ఇంధనాన్ని కూడా ఎంచుకున్నట్లే అవుతుంది. సీట్ల సంఖ్య, ధర, వాయిదాల విషయంలో చూపే శ్రద్ధ ఇంధనం విషయంలోనూ చూపడం అవసరం.

డీజిల్ మాత్రమే తెలిసిన కాలం గతించింది. సి.ఎన్.జి., బయో డీజిల్, విద్యుత్తు, హైడ్రోజన్ అంటూ పలు పేర్లు వినవస్తున్నాయి. ప్రతి విక్రేతా తన వాహనమే కాలుష్య రహితమని, చౌక అని చెప్పడం సహజం. అయితే ఆర్.టి.సి. బస్సుకు లాభించినది పాఠశాల బస్సుకు లాభించకపోవచ్చు. నగరంలో అనుకూలమైనది మండల కేంద్రంలో భారం కావచ్చు. ఈ తేడాలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బస్సు లోపలి గాలి

పాఠశాల బస్సు వెనుక నడిచే వాహనదారుడు ఆ పొగను చూసి ముక్కు మూసుకొంటాడు. బస్సు లోపల కూర్చున్న విద్యార్థికి ఆ పొగ కనబడదు గాని, పీల్చుకునేది మాత్రం అతడే. సైలెన్సర్ నుండి, ఇంజను గది నుండి వెలువడే సూక్ష్మ కణాలలో కొంత భాగం తెరచిన తలుపు, కిటికీలు, నేలలోని సందుల గుండా తిరిగి బస్సులోనికే ప్రవేశిస్తుంది. అమెరికాలో సహజ వనరుల పరిరక్షణ మండలి 2001లో వెలువరించిన అధ్యయనంలో, డీజిల్ పాఠశాల బస్సు లోపల ఉన్న బాలుడు ఆ బస్సుకు ముందు వెళ్ళే కారులోని వ్యక్తికంటే నాలుగు రెట్ల వరకు ఎక్కువ డీజిల్ పొగకు గురయ్యే అవకాశం ఉందని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో డీజిల్ పొగను మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది.

పెద్దలతో పోల్చితే పిల్లలు తమ శరీర బరువుకు మించిన గాలి పీల్చుతారు. వారి ఊపిరితిత్తులు ఇంకా ఎదిగే దశలో ఉంటాయి. ఉదయం ముప్పావు గంట, సాయంత్రం ముప్పావు గంట చొప్పున పది, పన్నెండేళ్ళపాటు అదే బస్సులో ప్రయాణించే బాలిక విషయంలో ఇది ఎంత పెద్ద మొత్తమో ఊహించవచ్చు.

ఈ విషయంలో 2015లో వెలువడిన మరొక అధ్యయనం ప్రత్యేకంగా చెప్పుకోదగినది. అమెరికాలోని సియాటిల్ పరిసరాలలో 275 మంది ప్రాథమిక పాఠశాల విద్యార్థులను, వారి బస్సులకు శుభ్రమైన ఇంధనం, పొగ శుద్ధి పరికరాలు అమర్చక ముందు, అమర్చిన తరువాత పరిశీలించారు. ఊపిరితిత్తుల పనితీరు మెరుగుపడడం, అనారోగ్యంతో బడికి రాని రోజులు తగ్గడం గమనించారు. ఉబ్బసం గల పిల్లలలో ఈ మేలు మరింత స్పష్టంగా కనిపించింది. గమనించవలసినది ఏమనగా, ఆ బస్సులు విద్యుత్ బస్సులు కావు. అవి డీజిల్ బస్సులే. గంధకం తక్కువగా ఉన్న డీజిల్, పొగను శుద్ధి చేసే పరికరం, ఈ రెండింటితోనే అంత మార్పు వచ్చింది.

పాత డీజిల్, కొత్త డీజిల్

కనుక ప్రత్యామ్నాయ ఇంధనాల గురించి చెప్పుకొనే ముందు డీజిల్‌లోనే వచ్చిన మార్పును చెప్పుకోవాలి. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా భారత్ స్టేజ్-6 ప్రమాణాలు అమలులోనికి వచ్చాయి. డీజిల్‌లో గంధకం పది లక్షల భాగాలలో 50 నుండి 10కి తగ్గింది. భారీ వాహనాల ఇంజన్లు వెలువరించే ధూళి కణాల పరిమితి స్టేజ్-3లో యూనిట్ శక్తికి 0.10 గ్రాములు కాగా, స్టేజ్-6లో 0.01 గ్రాములు. అంటే పదవ వంతు. హైదరాబాదులో స్టేజ్-4 ప్రమాణాలు 2010లోనే వచ్చినా, దేశంలోని మిగిలిన ప్రాంతాలన్నిటికీ అవి విస్తరించింది 2017 ఏప్రిల్‌లో. అందువల్ల జిల్లాలలో 2016లో కొన్న స్టేజ్-3 బస్సు నిబంధన ప్రకారం 2031 వరకు పిల్లలను ఎక్కించుకొని తిరగవచ్చు. యాజమాన్యం చేతిలో ఉన్న సొమ్ము పరిమితమైనప్పుడు, ఒక ఖరీదైన నూతన తరహా బస్సు కొని గేటు ముందు ప్రదర్శించడం కంటె, ఇటువంటి పాత బస్సులు నాలుగింటిని ముందుగా విరమించుకోవడమే ఎక్కువ మంది పిల్లలకు మేలు చేస్తుంది.

కొత్త డీజిల్ బస్సుకు కొన్ని నియమాలున్నాయి. పొగ గొట్టంలోని కణాల వడపోత పరికరంలో మసి పేరుకుంటుంది. ఇంజను తగినంత వేడెక్కి, కొంతసేపు నిలకడగా నడిచినప్పుడే ఆ మసి తనంతట తాను కాలిపోతుంది. ఐదారు కిలోమీటర్లు ఆగుతూ ఆగుతూ తిరిగి ఆగిపోయే పాఠశాల బస్సులో ఆ అవకాశం తక్కువ. డ్యాష్‌బోర్డుపై హెచ్చరిక దీపం వెలిగినప్పుడు, తయారీదారు సూచించిన విధంగా మసిని కాల్చే ప్రక్రియను డ్రైవరు పూర్తి కానివ్వాలి. దీపాన్ని పట్టించుకోకుండా నడిపితే పరికరం పూర్తిగా మూసుకుపోతుంది. దానిని మార్చడానికి అయ్యే ఖర్చు చూసి కొందరు ఆ పరికరాన్నే తొలగింపజేస్తారు. అది చట్టవిరుద్ధం. పైపెచ్చు స్టేజ్-6 బస్సు కొన్న ప్రయోజనం మొత్తం అక్కడితో పోతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించేందుకు పోసే యూరియా ద్రావణం విషయంలోనూ కల్తీ సరుకుకు పోరాదు.

పాఠశాల బస్సు దినచర్య

ఇంధనం ఎంపికలో అన్నిటికంటె ముందుగా వేసుకోవలసిన ప్రశ్న ఒకటే. ఈ బస్సు ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది?

ఆర్.టి.సి. నగర బస్సు రోజుకు 200 కిలోమీటర్ల చొప్పున 350 రోజులు తిరిగితే ఏడాదికి 70,000 కిలోమీటర్లు అవుతుంది. పాఠశాల బస్సు ఉదయం ఒక విడత, సాయంత్రం ఒక విడత కలిపి 60 కిలోమీటర్లు, 220 పనిదినాలు తిరిగితే 13,200 కిలోమీటర్లు. ఐదో వంతు కూడా కాదు. మిగిలిన కాలమంతా ఆవరణలో చెట్టు నీడన నిలిచి ఉంటుంది. వేసవి సెలవులలో నెలన్నర రోజులు కదలనే కదలదు.

ప్రత్యామ్నాయ ఇంధన వాహనాలకు సాధారణంగా కొనుగోలు ధర ఎక్కువ, నడిపే ఖర్చు తక్కువ. ఎక్కువ తిరిగే వాహనానికే ఆ వ్యత్యాసం త్వరగా పూడుతుంది. తక్కువ తిరిగే పాఠశాల బస్సుకు ఆ లెక్క అంత సులభంగా కుదరదు. విక్రయ ప్రతినిధులు చూపే పొదుపు పట్టికలు చాలావరకు నగర రవాణా బస్సుల కిలోమీటర్ల ఆధారంగా తయారైనవి. వాటిలో తమ బస్సు మీటరు అంకెలు వేసి చూసుకుంటే ఫలితం వేరుగా వస్తుంది.

సి.ఎన్.జి.

సంపీడిత సహజ వాయువు మన దేశంలో బస్సులకు బాగా పరీక్షకు నిలిచిన ప్రత్యామ్నాయం. ఢిల్లీలో గాలి కాలుష్యంపై దాఖలైన ప్రజా ప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1998 జూలై 28న ఇచ్చిన ఆదేశం మేరకు నగర బస్సులన్నిటినీ 2001 మార్చి 31లోగా సి.ఎన్.జి.కి మార్చవలసి వచ్చింది. గడువు పలుమార్లు సడలించిన తరువాత 2002 చివరికి ఆ కార్యం పూర్తయింది. ఈ మధ్య కాలంలో వాయువు కేంద్రాలు చాలక బస్సులు, ఆటోలు గంటల తరబడి బారులు తీరాయి. ముందు ఇంధన కేంద్రాలు, ఆ తరువాతే వాహనాలు అన్న పాఠాన్ని ఢిల్లీ దేశానికి నేర్పింది.

హైదరాబాదులో సి.ఎన్.జి. సరఫరాకు గెయిల్, హిందుస్థాన్ పెట్రోలియం సంస్థల ఉమ్మడి భాగస్వామ్యంలో భాగ్యనగర్ గ్యాస్ లిమిటెడ్ 2003లో ఏర్పడింది. విజయవాడ, కాకినాడలలోనూ ఈ సంస్థ సేవలందిస్తున్నది. సి.ఎన్.జి. ఇంజను నుండి మసి కణాలు చాలా తక్కువగా వెలువడతాయి. శబ్దం కూడా తక్కువ. అయితే ఇంధనం ఖర్చులో భారీ పొదుపు లభిస్తుందని ఆశించరాదు. ఢిల్లీలో వలె హైదరాబాదులో ఈ వాయువు ఎన్నడూ అంత చౌకగా లభించలేదు. 2022 నుండి ఇక్కడ కిలో సి.ఎన్.జి. ధర, లీటరు డీజిల్ ధర దాదాపు పక్కపక్కనే నడిచాయి. పైగా వాయువు కేంద్రం పాఠశాలకు పది కిలోమీటర్ల దూరాన ఉంటే, నింపుకొనే ప్రతిసారీ 20 కిలోమీటర్లు ఖాళీగా తిరిగి రావలసి ఉంటుంది. అక్కడ వేచి ఉండే సమయం, డ్రైవరు పని గంటలు అదనం. కనుక సి.ఎన్.జి. బస్సు కొనదలచిన యాజమాన్యం ముందుగా వాయువు కేంద్రం దూరాన్ని, తెల్లవారుజామున అది తెరచి ఉండేదీ లేనిదీ విచారించుకోవడం ఉత్తమం.

భద్రత విషయంలో తల్లిదండ్రులకు సందేహాలు కలగడం సహజం. సహజ వాయువు గాలికంటె తేలిక. బహిరంగ ప్రదేశంలో లీకయితే పైకి పోతుంది. డీజిల్ వలె నేలపై మడుగు కట్టదు, ఎల్.పి.జి. వలె కింద పేరుకోదు. అయితే సిలిండరులో అది సాధారణ వాతావరణ పీడనానికి సుమారు 200 రెట్ల పీడనం వద్ద నిల్వ ఉంటుంది. అమరికలో చేసే తప్పుకు ఇక్కడ క్షమ లేదు.

2024 అక్టోబర్ 1న థాయిలాండ్‌లో జరిగిన దుర్ఘటన ఇందుకు ఉదాహరణ. ఉథాయ్ థానీ రాష్ట్రం నుండి విజ్ఞాన యాత్రకు బయలుదేరిన పాఠశాల పిల్లల బస్సు బ్యాంకాక్ శివారులో అగ్నికి ఆహుతి కాగా విద్యార్థులు, ఉపాధ్యాయులు కలిపి 23 మంది మరణించారు. ఆ బస్సుకు ఆరు సి.ఎన్.జి. సిలిండర్లకు మాత్రమే అనుమతి ఉండగా, దర్యాప్తులో పదకొండు ఉన్నట్లు బయటపడింది. బస్సు ఎన్నో దశాబ్దాల నాటిది. అత్యవసర ద్వారం అక్కరకు రాలేదు. ఈ ప్రమాదాన్ని చూసి సి.ఎన్.జి. బస్సులన్నిటినీ అనుమానించడం సరికాదు. మన రాష్ట్రంలో 2013 అక్టోబర్ 30న మహబూబ్‌నగర్ జిల్లా పాలెం వద్ద 45 మందిని బలిగొన్న బస్సు డీజిల్ బస్సే. రెండు చోట్లా మంటలు వ్యాపించిన వేగానికి లోపలివారు బయటపడే దారి చాలలేదు. ఇంధనం ఏదైనప్పటికీ అత్యవసర ద్వారం చేతితో తెరుచుకుంటుందా, దాని ముందు అదనపు సీటో, బ్యాగుల కట్టో అడ్డుగా ఉందా అన్నది ప్రతి సోమవారం ఉదయం చూడవలసిన విషయం. పాఠశాల బస్సులలో ప్రయాణికుల భాగానికి కూడా అగ్ని హెచ్చరిక, రక్షణ వ్యవస్థ ఉండాలని కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ 2022 జనవరిలో నోటిఫికేషన్ జారీ చేసింది. కొత్త బస్సు కొనేవారు ఈ వ్యవస్థ ఉన్నదీ లేనిదీ అడిగి తెలుసుకోవాలి.

ఇక పాత డీజిల్ బస్సుకు గ్యాస్ కిట్ అమర్పించే విషయం. ఆమోదం పొందిన కిట్‌ను అధీకృత కేంద్రంలో మాత్రమే అమర్పించాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇటువంటి మార్పు రిజిస్ట్రేషన్ ధ్రువపత్రంలో నమోదు కావాలి. నమోదు కాని మార్పు ఉన్న బస్సుకు ప్రమాదం జరిగితే బీమా పరిహారం విషయంలో చిక్కులు తప్పవు. స్టేజ్-6 వాహనాలకు గ్యాస్ మార్పిడిని అనుమతిస్తూ 2022 ఆగస్టులో వెలువడిన నిబంధన 3.5 టన్నులలోపు వాహనాలకే పరిమితం. పెద్ద బస్సుకు అది వర్తించదు. సిలిండరుకు ప్రతి మూడేళ్ళకు ఒకసారి నీటి పీడన పరీక్ష తప్పనిసరి. ఆ తేదీ సిలిండరుకు అమర్చిన పలకపై చెక్కి ఉంటుంది. ఆ పలకను చూపమని అడిగే హక్కు తల్లిదండ్రులకు కూడా ఉన్నట్లే భావించాలి.

బయో డీజిల్

1900 సంవత్సరంలో పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపారు. అంటే మొక్కల నూనెతో ఇంజను నడపడమన్నది ఇంజను పుట్టినప్పటి నుండి ఉన్న ఆలోచనే. మన ప్రాంతానికి ఈ ఇంధనంతో ప్రత్యేక అనుబంధం ఉంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే గోండు గిరిజన గ్రామంలో మహిళా స్వయం సహాయక బృందం కానుగ గింజల నుండి నూనె తీసి, దాని వల్ల తగ్గే 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు గాను 2003లో ప్రపంచ బ్యాంకు నుండి 645 డాలర్లు అందుకుంది. మొత్తం చిన్నదే అయినా, అడవి గ్రామపు మహిళలు వాతావరణానికి చేసిన మేలుకు లభించిన ధర అది.

ఆ దశకంలో కానుగ, జట్రోఫా మొక్కలు లక్షలాదిగా నాటారు. 2017 నాటికి 20 శాతం బయో డీజిల్ కలపాలని 2009 నాటి జాతీయ విధానం లక్ష్యంగా పెట్టుకుంది. అది నెరవేరలేదు. నీరు లేని బీడు భూములలో జట్రోఫా ఆశించిన దిగుబడి ఇవ్వలేదు. గింజ సేకరణ ఖర్చు గిట్టుబాటు కాలేదు. 2018 నాటి కొత్త విధానం లక్ష్యాన్ని 2030 నాటికి 5 శాతానికి సవరించింది. ఒకసారి వాడిన వంట నూనెను సేకరించి బయో డీజిల్‌గా మార్చే కార్యక్రమాన్ని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018లో ప్రారంభించింది.

వసతి గృహం గల కొన్ని విద్యా సంస్థలు తమ వంటశాలలో మిగిలిన నూనెతోనే బస్సులు నడపవచ్చునా అని అడుగుతుండడం కద్దు. నూనెను అలాగే పోయడం ఎంతమాత్రం తగదు. అది డీజిల్ కంటె ఎన్నో రెట్లు చిక్కగా ఉండి ఇంజెక్టర్లను పాడు చేస్తుంది. మిథనాల్‌తో రసాయన ప్రక్రియ జరిపి, గ్లిసరిన్‌ను వేరు చేసి, శుద్ధి చేసిన తరువాతే అది బయో డీజిల్ అవుతుంది. దేశీయ ప్రమాణాలు డీజిల్‌లో 7 శాతం వరకు బయో డీజిల్ కలపడాన్ని అనుమతిస్తాయి. అంతకు మించి కలపదలచినప్పుడు వాహన తయారీదారు నుండి వ్రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. లేనిచో వారంటీ పోతుంది.

పాఠశాల బస్సుకు ఇందులో ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. బయో డీజిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నిల్వలో త్వరగా చెడుతుంది. ఏప్రిల్ చివరి వారంలో ట్యాంకు నింపి నిలిపిన బస్సును జూన్‌లో స్టార్టు చేస్తే వడపోతలు మూసుకుపోయి మొరాయించవచ్చు. సెలవులకు ముందు ట్యాంకులో సాధారణ డీజిల్ మాత్రమే ఉంచడం మంచిది. బయో డీజిల్ పేరిట బహిరంగ విపణిలో అమ్మే గుర్తింపు లేని పారిశ్రామిక నూనెల విషయంలో మరింత జాగ్రత్త వహించాలి. లీటరుకు పది, పదిహేను రూపాయలు మిగిల్చిన సరుకు ఇంజనునే మింగిన సందర్భాలున్నాయి.

మిగిలిన ఇంధనాలు

ఎల్.పి.జి.తో మన నగరాలలో ఆటోలు విస్తారంగా నడుస్తున్నాయి. అమెరికాలో ప్రొపేన్ పాఠశాల బస్సులు వేల సంఖ్యలో ఉన్నాయి. ఇక్కడ మాత్రం పెద్ద బస్సుల తరగతిలో ఆ తరహా వాహనాలు మార్కెట్టులో స్థిరపడలేదు. ఇథనాల్ మిశ్రమం పెట్రోలుకు సంబంధించినది. డీజిల్ బస్సుకు దానితో పని లేదు. హైడ్రోజన్ విషయానికి వస్తే, జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్ కింద 2025 మార్చిలో కేంద్రం మంజూరు చేసిన ప్రయోగాత్మక పథకాలలో 37 బస్సులు, లారీలు ఉన్నాయి. వాటి మార్గాలలో విశాఖపట్నం - బయ్యవరం ఒకటి. ఆ ప్రయోగాల ఫలితాలు వచ్చేవరకు పాఠశాలలు ఈ ఇంధనం గురించి ఆలోచించవలసిన అవసరం లేదు.

విద్యుత్ బస్సు

పొగ గొట్టమే లేని బస్సు పిల్లలకు అన్నిటికంటె మేలైనదనడంలో సందేహం లేదు. శబ్దం, కుదుపు కూడా తక్కువ. హైదరాబాదులో 2019 మార్చిలో ఆర్.టి.సి. 40 విద్యుత్ బస్సులను ప్రవేశపెట్టింది. తిరుమల ఘాట్ రోడ్డుపై 2022 సెప్టెంబర్ నుండి విద్యుత్ బస్సులు నడుస్తున్నాయి. కొండ ఎక్కే శక్తి వీటికి ఉంటుందా అన్న సందేహం దానితో తీరింది. అమెరికాలో పాఠశాల బస్సుల మార్పిడికి 2021 నాటి చట్టం ద్వారా ఐదేళ్ళకు 500 కోట్ల డాలర్లు కేటాయించారు. మేరీలాండ్ రాష్ట్రంలోని ఒక కౌంటీ 2021లోనే 326 విద్యుత్ పాఠశాల బస్సులకు ఒప్పందం కుదుర్చుకుంది. అక్కడి పద్ధతిలో ఆ భారాన్ని ప్రభుత్వ నిధులు మోశాయి. ఇక్కడ ప్రైవేటు పాఠశాల బస్సు ఖర్చు చివరికి తల్లిదండ్రుల రవాణా రుసుములోనే తేలుతుంది. కనుక లెక్క జాగ్రత్తగా చూడాలి.

లీటరు డీజిల్ 95 రూపాయలు, మైలేజీ 5 కిలోమీటర్లు అనుకుంటే, పైన చెప్పిన 13,200 కిలోమీటర్లకు 2,640 లీటర్లు, సుమారు 2 లక్షల 51 వేల రూపాయలు అవుతుంది. విద్యుత్ బస్సు ఛార్జింగ్ నష్టాలతో కలిపి కిలోమీటరుకు ఒక యూనిట్ చొప్పున, యూనిట్ 8 రూపాయలకు లెక్కిస్తే లక్షా 6 వేల రూపాయలు. ఏడాదికి పొదుపు సుమారు లక్షా 45 వేలు. పదిహేనేళ్ళకు దాదాపు 22 లక్షలు. ఇదే లెక్కను 70,000 కిలోమీటర్లు తిరిగే ఆర్.టి.సి. బస్సుకు వేస్తే ఏడాదికే 7 లక్షల 70 వేలు మిగులుతుంది. అంటే ఆర్.టి.సి. మూడేళ్ళలో రాబట్టుకొనేది రాబట్టుకొనడానికి పాఠశాలకు బస్సు ఆయుర్దాయమంతా పడుతుంది. డీజిల్ బస్సుకు, విద్యుత్ బస్సుకు ధరలో గల వ్యత్యాసం ఆ 22 లక్షలకు మించి ఉంటే ఇంధన పొదుపుతో మాత్రమే అది పూడదు. అప్పుపై వడ్డీ, మధ్యలో బ్యాటరీ మార్చవలసి వస్తే అయ్యే ఖర్చు ఈ లెక్కలో చేరలేదు. మరమ్మతులలో కలిగే ఆదా కూడా చేరలేదు.

కార్బన్ విషయంలో ఒక వాస్తవాన్ని దాచనవసరం లేదు. దేశంలో గ్రిడ్ విద్యుత్తు యూనిట్ ఒక్కింటికి సగటున 700 గ్రాములకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతున్నది. లీటరు డీజిల్ కాలితే వెలువడేది సుమారు 2.7 కిలోలు, అంటే ఐదు కిలోమీటర్ల మైలేజీ గల బస్సుకు కిలోమీటరుకు 540 గ్రాములు. కేవలం గ్రిడ్ విద్యుత్తుపై ఆధారపడిన బస్సు కార్బన్ లెక్కలో డీజిల్ బస్సు కంటె మెరుగని చెప్పలేము. పిల్లల ముక్కు దగ్గర పొగ లేకపోవడం వేరు, భూతాపం తగ్గడం వేరు. ఈ రెంటినీ కలిపి ప్రచారం చేయడం సబబు కాదు.

అయితే ఈ లోపాన్ని పూరించే వీలు పాఠశాలకు ఉన్నంతగా ఆర్.టి.సి.కి సైతం లేదు. పాఠశాల బస్సు ఉదయం 9 గంటల నుండి మధ్యాహ్నం మూడున్నర వరకు, సరిగ్గా ఎండ కాసే వేళలో ఆవరణలోనే నిలిచి ఉంటుంది. పాఠశాలకు విశాలమైన పైకప్పు ఉంటుంది. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ సౌర ఫలకాల నుండి రోజుకు సగటున 4 యూనిట్లు లభిస్తాయి. రోజుకు 60 యూనిట్లు అవసరమైన బస్సుకు 15 కిలోవాట్ల ఫలకాలు, సుమారు 150 చదరపు మీటర్ల కప్పు చాలు. ఆదివారాలలో, ఎండ మండే వేసవి సెలవులలో ఉత్పత్తయిన విద్యుత్తు నెట్ మీటరింగ్ ద్వారా గ్రిడ్‌కు వెళ్ళి పాఠశాల బిల్లును తగ్గిస్తుంది. బస్సు ఖర్చు, ఫలకాల ఖర్చు కలిపి ఒకే పథకంగా చూసినప్పుడు లెక్క మారుతుంది.

ఆచరణలో మరికొన్ని విషయాలు ఎదురవుతాయి. ఇరవై బస్సులను రాత్రి ఎనిమిది గంటలలో ఛార్జి చేయాలంటే 1,200 యూనిట్లు, అంటే 150 కిలోవాట్ల లోడు కావాలి. దానికి హెచ్.టి. కనెక్షన్, ట్రాన్స్‌ఫార్మర్ అవసరం కావచ్చు. బస్సుల ఆర్డరు ఇచ్చిన తరువాత కాక, అంతకు ఆరు నెలల ముందే విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు చేసుకోవాలి. బస్సులు నిలిపే స్థలంలో వర్షాకాలం నీరు నిలుస్తుందేమో చూడాలి. బ్యాటరీకి 2022 డిసెంబర్ నుండి అమలులోకి వచ్చిన సవరించిన భద్రతా ప్రమాణాల ధ్రువీకరణ ఉన్నదీ లేనిదీ పత్రాలలో పరిశీలించాలి. పాఠశాల బస్సుల బాటరీలకు వేసవి సెలవులలో పూర్తి ఛార్జితో గాని, పూర్తిగా ఖాళీగా గాని నెలన్నర ఉంచడం హానికరం.

రాయితీల విషయంలో కేంద్రం 2024 అక్టోబర్‌లో ప్రారంభించిన పి.ఎం. ఇ-డ్రైవ్ పథకంలో 14,028 విద్యుత్ బస్సులకు సహాయం నిర్దేశించారు. అందులో 2025లో హైదరాబాదుకు 2,000 కేటాయించారు. అవి ప్రజా రవాణా సంస్థలకు ఉద్దేశించినవి. ప్రైవేటు పాఠశాలలకు నేరుగా అందవు. బస్సు పాసుతో ఆర్.టి.సి.లో బడికి వెళ్ళే విద్యార్థులకు మాత్రం ఆ ప్రయోజనం చేరుతుంది. విద్యుత్ వాహనాలకు రహదారి పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయిస్తూ తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబర్‌లో ఉత్తర్వులు ఇచ్చింది. 2026 డిసెంబర్ 31 వరకు గడువు పెట్టిన ఆ మినహాయింపు తమ తరగతి వాహనానికి ఏ మేరకు వర్తించేదీ ప్రాంతీయ రవాణా అధికారి కార్యాలయంలో విచారించిన తరువాతే కొనుగోలు ధర లెక్కించుకోవాలి.

ఎవరికి ఏది?

నగర శివారులో ఇరవై, ముప్పై బస్సులు, సొంత ఆవరణ గల విద్యా సంస్థ రెండు మూడు విద్యుత్ బస్సులను అతి ఎక్కువగా తిరిగే మార్గాలలో ప్రవేశపెట్టి, ఒక విద్యా సంవత్సరం పాటు యూనిట్లు, కిలోమీటర్లు పుస్తకంలో నమోదు చేసి, ఆపై విస్తరించడం వివేకం. బస్సును పగటి వేళ ఖాళీగా ఉంచక కార్యాలయ సిబ్బంది రవాణాకో, మరొక పాఠశాల రెండవ షిఫ్టుకో పర్మిట్ నిబంధనలకు లోబడి వినియోగించగలిగితే లెక్క త్వరగా కుదురుతుంది. ఆర్.టి.సి. అనుసరించిన విధంగా, బస్సు యాజమాన్యం నిర్వాహకునిదే అయి కిలోమీటరుకు ఇంత అని చెల్లించే ఒప్పందాలు కూడా పాఠశాలలు కొన్ని కలసి చేసుకోవచ్చు. అయితే తక్కువ కిలోమీటర్లకు నిర్వాహకుడు కనీస హామీ కోరడం ఖాయం. ఆ షరతును చదవకుండా సంతకం చేయరాదు.

వాయువు కేంద్రానికి రెండు మూడు కిలోమీటర్లలోపు ఉన్న నగర పాఠశాలకు సి.ఎన్.జి. తగినది. మూడే బస్సులు గల మండల కేంద్రపు బడికి, వాయువు కేంద్రం గాని, నమ్మకమైన మూడు ఫేజుల సరఫరా గాని లేనప్పుడు, స్టేజ్-6 డీజిల్ బస్సే సరియైన ఎంపిక. అందులో చిన్నతనం ఏమీ లేదు. చిన్నబోవలసినది నల్లని పొగ వదిలే పన్నెండేళ్ళ బస్సుకు కొత్తగా పసుపు రంగు వేయించి తనిఖీకి తెచ్చేవారే.

ఏ ఇంధనమైనా, సాయంత్రం మూడున్నర గంటలకు పాఠశాల గేటు వద్ద జరిగేది చూడదగినది. పది బస్సులు ఒకదాని వెనుక ఒకటి ఇంజన్లు ఆపకుండా నిలిచి ఉంటాయి. ముందు బస్సు పొగ వెనుక బస్సు తలుపులోనికి, వరుసలో నిలబడిన చిన్న తరగతుల పిల్లల ముఖాలలోనికి పోతుంది. పిల్లలు ఎక్కడం పూర్తయ్యేవరకు ఇంజను ఆపివేయాలని డ్రైవర్లకు యాజమాన్యం వ్రాతపూర్వకంగా ఆదేశిస్తే, ఆ పది నిమిషాల డీజిల్ కూడా మిగులుతుంది. ఈ ఆదేశం ఇవ్వడానికి కొత్త బస్సు గాని, సబ్సిడీ గాని, జూన్ వరకు వేచి ఉండడం గాని అవసరం లేదు.